వెన్నునకు దన్ను

(సేత్తూరున మన పాఠశాల వార్షికోత్సవమునందు తల్లిదండ్రుల సభలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగము)



వార్షికోత్సవమునకు వచ్చినవారికి బిడ్డల పాటలు వినవలెనని, నాటకము చూడవలెనని ఉండును గాని, వైద్యుని ఉపన్యాసము వినవలెనని ఉండదు. ఈ సంగతి నేనెఱుగుదును. అందుచేత ముందుగా ఒక చిన్న పని చేయుడని కోరుచున్నాను. కూర్చున్నచోటనే మీ నడుము వెనుకకు ఒక చేయి పోనిచ్చి చూచుకొనుడు. నడుము కుర్చీవీపునకు ఆనియున్నదా, లేక నడుమ పిడికిలి పట్టునంత ఖాళీ ఉన్నదా? ముందు చాపలమీద కూర్చున్న తల్లులకు ఆనుకొనుటకు గోడయైనను లేదు. నేను మాట్లాడుచుండగా ఎవరికి నడుము పట్టినట్లు తోచినను, లేచి నిలువుడు, నాలుగడుగులు నడువుడు. అది నాకు అగౌరవము కాదు. నేను చెప్పబోవు దానిలో సగము అందులోనే ఉన్నది.

తెలుగున ఒక మంచి మాట కలదు: వెన్నుదన్ను. కష్టకాలమున వెనుక నిలిచి బలమిచ్చువానిని మనము వెన్నుదన్నుగా నిలిచినాడందుము. అట్టివాడు మనలను కదలకుండ కట్టివేయడు. మన కాళ్లమీద మనము నిలుచునట్లు చేయును. నొచ్చిన నడుమునకు కావలసిన సాయము కూడ అట్టిదే. కట్టివేత కాదు, దన్ను. పండుకొనియుండుట కాదు, కదలిక. ఈ ఒక్క మాట చెప్పుటకే నేడు మీ ముందు నిలిచితిని. ఈ మాట నేను చాల ఆలస్యముగా నేర్చుకొంటిని. నా ఆలస్యమునకు మా ఇంటిలోనే ఒకరు మూల్యము చెల్లించిరి.

మా మేనత్త గుంటమగ్గముమీద నేసెడిది. కాళ్లు గుంటలో, కూర్చుండుట నేలమట్టముననున్న ఒక పలకమీద, వెనుక ఆనుకొనుటకు ఏమియు లేదు. నేతలో లోపము కనబడవలెనన్నచో ముందుకు వంగి చూడవలెను. తెల్లవాఱినది మొదలు దీపము పెట్టువఱకు అదే తీరు. 1983లో నేను వైద్యపట్టము పుచ్చుకొని ఇంటికి వచ్చితిని. ఆమె నన్ను పిలిచి, “నడుము విరిగిపోతున్నదిరా అబ్బాయీ, నీ చదువులో దీనికేమైనా ఉన్నదా?” అని అడిగినది. ఉన్నదని ధైర్యముగా చెప్పితిని. నేను చదివిన పద్ధతి ప్రకారము ఆఱు వారములు చెక్కబల్లమీద వెల్లకిల పరుండుమంటిని. లేచునప్పుడు నడుమునకు గట్టిపట్టి కట్టుకొమ్మంటిని. ఆమె నా మాట అక్షరాల పాటించినది. ఆఱు వారములు గడచినవి. నొప్పి పోలేదు సరిగదా, కాళ్లలోని సత్తువ కూడ పోయినది. “పడుకొని పడుకొని నడుము పని మరిచిపోయిందిరా” అన్నది. ఆమె మరల మగ్గపుగుంటలో దిగలేదు. ఆ సంసారమునకు ఆ మగ్గమే ఆధారము. పెద్దకొడుకు తొమ్మిదవ తరగతితో చదువు మాని పనికి పోయినాడు. నడుమునొప్పికిని బడికిని సంబంధమేమని ఎవరైన అడిగినచో, నాకు ఆ పిల్లవాని ముఖము కన్నుల ముందు మెదలును.

పిమ్మట కొన్ని యేండ్లకే నా పాఠము తలక్రిందులైనది. 1986లో అమెరికాలో 203 మంది నడుమునొప్పి రోగులలో కొందఱిని రెండు దినములు, కొందఱిని ఏడు దినములు పరుండుమని చెప్పి పరీక్షించిరి. రెండు దినములు పరుండుమని చెప్పబడినవారు పనికి పోలేని దినములు తక్కినవారికంటె 45 శాతము తక్కువ. 1995లో ఫిన్‌లాండు దేశపు హెల్సింకి నగరమున, నొప్పి సహించినంత మేరకు తమ నిత్యకృత్యములు మానకుండ సాగించినవారు పడకపట్టినవారికంటె త్వరగా కోలుకొనిరి. 2023లో ప్రపంచ ఆరోగ్యసంస్థ దీర్ఘకాలపు నడుమునొప్పికి మార్గదర్శకసూత్రములు ప్రకటించుచు, వ్యాయామమును మెచ్చినది. నడుముపట్టీలను, బరువులు కట్టి లాగు చికిత్సను నిత్యవిధిగా వాడవలదన్నది. అదే సంస్థ లెక్క ప్రకారము 2020లో లోకమున 61 కోట్ల 90 లక్షలమందికి నడుమునొప్పి ఉండెను. మన మేనత్తలు, మన తల్లులు, మన తోడి పనివారు ఆ లెక్కలోనివారే.

ఇట్లు ఎందువలన జరుగుచున్నదో తెలియవలెనన్నచో, వెన్నెముకను గుఱించి కొంచెము తెలిసికొనవలెను. అది ఒక్క ఎముక కాదు. మెడలో 7, వీపున 12, నడుమున 5, మొత్తము 24 కదలెడు పూసలు. పూసకును పూసకును నడుమ మెత్తని బిళ్లలు ఉన్నవి, వీనినే డిస్కులందురు. ప్రక్కనుండి చూచినచో వెన్ను గడకఱ్ఱవలె ఉండదు. మెడవద్ద ముందుకు, వీపువద్ద వెనుకకు, నడుమువద్ద మరల ముందుకు వంపు తిరిగియుండును. బరువును ఓర్చుకొనుటకు ఆ వంపులే సాయము. కాబట్టి “నిటారుగా కూర్చో” అని బిడ్డను గద్దించునప్పుడు, కఱ్ఱవలె బిగుసుకొమ్మని మన భావము కారాదు.

ఆ బిళ్లలలో పెద్దవారికి రక్తనాళములు ఇంచుమించు లేవు. నీరును, పోషణమును చుట్టుప్రక్కలనుండి ఊరి లోనికి చేరవలెను. ఒత్తిడి పడినప్పుడు నీరు వెలికి పోవును, తగ్గినప్పుడు మరల లోనికి వచ్చును. కదలిక ఆ రాకపోకలకు తోడ్పడును. దీనిని బిడ్డలు ఇంటిలోనే పరీక్షించి చూడవచ్చును. తెల్లవాఱి లేవగానే గోడకు ఆనుకొని ఎత్తు గుర్తు పెట్టుడు. రాత్రి పండుకొనబోవు ముందు మరల కొలువుడు. ఒక సెంటీమీటరు, ఒక్కొక్కరికి అంతకు కొంచెము హెచ్చు, తగ్గియుండును. రాత్రి నిద్రలో అది మరల వచ్చును. మనమందఱము పగలు కొంచెము కుదించుకొని, రాత్రి కొంచెము పెరుగుచున్నామన్నమాట.

కూర్చుండు తీరు ఆ బిళ్లలనెట్లు నొక్కునో మొదట సూక్ష్మముగా కొలిచినవాడు స్వీడను దేశపు శస్త్రవైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్. 1960వ దశకమున ఆయన నడుము బిళ్లలోనికి సన్నని సూది పంపి ఒత్తిడిని కొలిచెను. నిలుచున్నప్పటి ఒత్తిడి 100 అనుకొన్నచో, వెల్లకిల పరుండినప్పుడు 25, ఆధారము లేక కూర్చున్నప్పుడు 140, కూర్చుండి ముందుకు వంగినప్పుడు 185 అని తేలినది. 1999లో జర్మనీవారు మరల కొలిచినప్పుడు నిలుచుటకంటె కూర్చుండుటయే హెచ్చు భారమను మాట నిలువలేదు. కాని ముందుకు వంగినప్పుడు ఒత్తిడి పెరుగుననునది మాత్రము రెండింటను నిలిచినది. మా మేనత్త దినమంతయు కూర్చున్నది ఆ 185 తీరులోనే.

బరువు లేవనెత్తుటలోని రహస్యము తెలియుటకు ఏతామును తలచుకొనుడు. ఇరుసునకు దూరముగా కట్టిన బరువు చిన్నదైనను, ఇరుసునకు దగ్గఱగా పట్టి లాగువానికి ఎక్కువ బలము కావలెను. మన నడుమే ఆ ఇరుసు. వీపుకండరములు దానికి ఇంచుమించు 5 సెంటీమీటర్ల వెనుక ఉన్నవి. 10 కిలోల బిందెను 40 సెంటీమీటర్ల దూరమున చేతులు చాచి పట్టుకొన్నచో, స్థూలగణనలో ఆ కండరములు 80 కిలోల బలముతో లాగవలసి వచ్చును. ఆ బిందెనే పొట్టకు దగ్గఱగా 20 సెంటీమీటర్లకు తెచ్చుకొన్నచో 40 కిలోలు చాలును. బిందె మాఱలేదు, నీరు తగ్గలేదు, దూరము తగ్గినది. కావున బరువును ఒంటికి చేర్చి లేవనెత్తుడు. మోకాళ్లను కొంచెము వంచుడు. బరువుతో నడుమును మెలిత్రిప్పక, పాదములనే త్రిప్పుడు.

ఇక మన ఊరి పనుల మాట. సేత్తూరు రాజపాళయమునుండి తెన్కాశికి పోవు బాటలో, పడమటి కనుమల క్రింద ఉన్నది. 1936లో రాజపాళయము మిల్లులు ఏర్పడిన నాటినుండి ఈ ప్రాంతపు బ్రతుకు నూలుతో ముడివడినది. చత్రపట్టిలో గాయములకు కట్టు గుడ్డ నేయుదురు. లోకమువారి గాయములకు కట్టు నేయు పనివారు తమ నడుమును తాము చూచుకొనుట లేదు. దినమంతయు యంత్రముముందు నిలుచువారు ఒక ఇటుకయో, చిన్న పీటయో ఉంచుకొని, ఒక పాదమును దానిమీద ఉంచి, కొంతసేపటికి పాదము మార్చుకొన్నచో నడుమునకు తెఱపి కలుగును. గుంటమగ్గముమీద కూర్చుండువారు పలకను కొంచెము ఎత్తు చేసి, దానిమీద దుప్పటి మడిచి వేసికొని, మోకాళ్లు నడుముకంటె క్రిందుగా ఉండునట్లు చూచుకొనవలెను. వెనుక ఒక పలకయో, గోడయో ఉన్నచో నడుమ నడుమ ఆనుకొనవచ్చును. ఒక మూర నేసిన పిమ్మట గుంటనుండి లేచి, రెండు చేతులు నడుముమీద పెట్టుకొని, మెల్లగా వెనుకకు వంగుడు. మా మేనత్తకు నేను చెప్పవలసియుండినది ఇంతే. మగ్గము మానుమని కాదు, మగ్గమును నడుమునకు తగినట్లు దిద్దుకొమ్మని.

తల్లులారా, మీ పనులు ఇంతకంటె తక్కువవి కావు. పొట్టి చీపురుతో ఇల్లంతయు వంగి ఊడ్చుటకు బదులు, చీపురునకు ఒక పొడుగు కఱ్ఱ కట్టుకొనుడు. ఎప్పుడును ఒక ప్రక్కననే బిందె మోయక, ప్రక్క మార్చుడు; లేక రెండు చిన్న బిందెలు చేసికొనుడు. కత్తిపీటముందు గంటసేపు కూర్చుండక, కొంత పని నిలుచుండి చేసికొనునట్లు ఎత్తైన గట్టును వాడుకొనుడు. నాట్లువేయుచు, ప్రత్తి తీయుచు వంగువారు ఒక వరుస ముగియగానే లేచి వెనుకకు వంగవలెను. దీనికి అర నిమిషము చాలును. పని పోదు.

పడకను గుఱించి కూడ ఒక అపోహ ఉన్నది. నడుము నొచ్చినవాడు కటికనేలమీదనో చెక్కబల్లమీదనో పండుకొనవలెనని పెద్దలు చెప్పుదురు. 2003లో స్పెయిన్ దేశమున 313 మందికి పరుపులు మార్చి చూచినప్పుడు, మిక్కిలి గట్టి పరుపుకంటె మధ్యరకపు గట్టిదనముగల పరుపే నయమని తేలినది. చాపమీద రెండు బొంతలు పఱచుకొన్నను సరిపోవును. ప్రక్కకు తిరిగి పండుకొనువారు మోకాళ్ల నడుమ చిన్న తలగడ పెట్టుకొన్నచో సుఖముగా నుండును.

నడుముపట్టీని వైద్యుడు ఒక ప్రత్యేక కారణమున చెప్పినచో ధరింపుడు. ఊరకయే ఏడాది పొడుగున కట్టుకొనకుడు. దానికంటె మంచి దన్ను మన ఇంటిలోనే ఉన్నది. ఒక తుండుగుడ్డను చుట్టగా చుట్టి, కూర్చున్నప్పుడు నడుము వంపులో పెట్టుకొనుడు. సభ ఆరంభమున మీరు చేయి పెట్టి చూచుకొన్న ఆ ఖాళీని అది నింపును. అది మిమ్ములను కట్టివేయదు, లేవదలచినప్పుడు లేవనిచ్చును. నిజమైన కట్టు మన కండరములే. దినమునకు అరగంట నడక, మోకాళ్లు మడిచి పండుకొని పిఱుదులను మెల్లగా పైకి లేపి దించు వ్యాయామము పదిసార్లు, ఇవి డబ్బు అక్కఱలేని మందులు.

ఇప్పుడు బిడ్డల సంగతి. పుస్తకాల సంచిని గుఱించి ఈ దేశమున చాలకాలముగా చర్చ జరుగుచున్నది. రచయిత ఆర్. కె. నారాయణ్ రాజ్యసభ సభ్యుడైన పిమ్మట 1989లో సంచుల భారముచే వంగిపోవుచున్న పసిపిల్లలను గుఱించియే ప్రసంగించెను. పిమ్మట యశ్‌పాల్ సంఘము 1993లో చదువుల భారమును తగ్గింపవలెనని నివేదిక నిచ్చెను. 2018లో మద్రాసు హైకోర్టు సంచుల బరువు తగ్గింపుమని ఆదేశించెను. 2020 నాటి కేంద్రప్రభుత్వపు విధానము సంచి బరువు బిడ్డ బరువులో పదవవంతు మించరాదన్నది. 30 కిలోల బిడ్డకు 3 కిలోలు. సంచి బరువే బిడ్డల నడుమునొప్పికి కారణమని నిశ్చయముగా రుజువు కాలేదని 2018లో ఒక సమీక్ష తేల్చినది. ఆ మాటయు దాచరాదు. అయినను అలసట తెచ్చు బరువును ఊరక మోయించుట ఎందులకు? ఈ రాత్రి మీ బిడ్డ సంచిని త్రాసులో పెట్టి చూడుడు. రెండు పట్టెలను రెండు భుజములకు తగిలించి, సంచి వీపునకు ఆనియుండునట్లు పట్టెలను బిగింపుడు.

సంచికంటె నన్ను కలవరపెట్టునది బల్ల. బిడ్డ సంచిని మోయునది అరగంట. బల్లమీద కూర్చుండునది ఐదాఱు గంటలు. ఇంటికి వచ్చి చేతిఫోనుమీద తల వంచునది ఎంతసేపో మీరే చెప్పవలెను. తల ఇంచుమించు 5 కిలోల బరువు. అది ముందుకు వంగినకొలది మెడకండరములకు ఏతాము లెక్కయే వర్తించును. పుస్తకమును, ఫోనును ముఖమువైపునకు ఎత్తుట నేర్పుడు. కూర్చున్నప్పుడు పాదములు నేలకు ఆనవలెను. కాళ్లు వ్రేలాడు పొట్టి బిడ్డకు క్రింద ఒక పలక వేయుడు. అయితే “సరియైన తీరు” ఒక్కటే ఉన్నదని బిడ్డలను భయపెట్టకుడు. ఎంత మంచి తీరైనను గంటసేపు కదలక ఉన్నచో చెడ్డదే. కదలు బిడ్డను అల్లరివాడని కసరుకొనుటకు ముందు, వాని వెన్ను తనకు కావలసినదానిని అడుగుచున్నదేమో చూడుడు.

ఒక హెచ్చరిక చెప్పక ఈ ప్రసంగము ముగింపరాదు. నడుమునొప్పిలో నూటికి తొంబదింటికి ప్రమాదకారణమేదియు కనబడదు. కొలదివారములలో చాలమందికి తగ్గును. అందుచేత ప్రతి నొప్పికి స్కానుకు పరుగెత్తనక్కఱలేదు. ఏ నొప్పియు లేని ఇరువదియేండ్ల వారిలో కూడ నూటికి 37 మందికి డిస్కు అరుగుదల కనబడునని 2015 నాటి ఒక సమీక్ష చెప్పినది. స్కానులోని మాట చూచి “నా నడుము పోయినది” అని దిగులు పడరాదు. కాని కొన్ని గుర్తులున్నప్పుడు ఒక్క దినమైనను జాగు చేయరాదు. మూత్రము, మలము పట్టు తప్పుట, లేక మూత్రము బిగియుట. తొడల నడుమ స్పర్శ పోవుట. కాలిలో సత్తువ తగ్గుట. పడిన పిమ్మట నొప్పి పుట్టుట, ముఖ్యముగా వృద్ధులకు. సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట. ఈ కడపటి రెండును వెన్నుపూసలకు పట్టిన క్షయకు గుర్తులు కావచ్చును. దానికి పూర్తిగా నయముచేయు మందులు ఉన్నవి, ఆలస్యమే శత్రువు. బిడ్డకు రాత్రి నిద్రనుండి లేపునంత నొప్పి ఉన్నచో కూడ వైద్యునికి చూపుడు.

ఇచ్చట మన భాషకు సంబంధించిన చిక్కు ఒకటి ఉన్నది. ఇంటిలో మనము నడుమనుదానిని ఆసుపత్రిలో తమిళమున చెప్పవలసి వచ్చును. ఒకరు “ఇడుప్పు” అందురు, ఒకరు “ముదుగు” అందురు. మొదటిది తుంటివఱకు పోవును, రెండవది వీపువఱకు పోవును. వైద్యుడు ఒకటి అనుకొనును, మనకు నొచ్చునది మఱియొకటి. కాబట్టి మాటతో ఆగక చేతితో చోటు చూపుడు. నొప్పి కాలిలోనికి దిగుచున్నదో లేదో చెప్పుడు. నడువలేనివారి కొఱకు తమిళనాడు ప్రభుత్వము 2021లో ప్రారంభించిన “మక్కళై తేడి మరుత్తువమ్” పథకములో ఇంటికి వచ్చి ఫిజియోథెరపీ చేయుట కూడ చేర్పబడినది. ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున విచారించుటకు సిగ్గుపడకుడు.

చివరకు మన సంఘమువారికి మూడు విన్నపములు. చిన్న తరగతుల బల్లలక్రింద పాదములు ఆనుటకు ఒక్కొక్క పలక కొట్టింపుడు; వడ్రంగికి ఒక దినపు పని. ప్రతి పీరియడు ముగింపున బిడ్డలందఱు లేచి చేతులు పైకి చాచి ఒక నిమిషము నిలుచునట్లు ఏర్పాటు చేయుడు. పై సంవత్సరము ఈ సభకు వచ్చు తల్లులకు చాపలు గోడప్రక్కగా పఱపింపుడు.

మా మేనత్త కొడుకు పిమ్మట బాగుగనే బ్రతికినాడు. ఇప్పుడు అతని మనుమరాలు ఏడవ తరగతి చదువుచున్నది. మొన్న మా ఇంటికి వచ్చి, “తాతా, కూర్చుని కూర్చుని నడుము లాగుతున్నది” అన్నది. పండుకొమ్మని నేననలేదు. “లేచి వీథి చివరిదాక పోయిరామ్మా” అంటిని. ఆ మాట చెప్పుటకు నాకు నలువది యేండ్లు పట్టినది. మీరు నేడే ఇంటికి పోయి చెప్పవచ్చును.